పెండింగ్‌లో పడిన బిట్‌కాయిన్: ఫీజు పెంపు, బదులు లావాదేవీలు, రిలే విధానంపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీలోని ప్రశ్నలు విశాఖలో నన్ను నేరుగానో ఫోనులోనో అడిగినవే. మధురవాడలో ఇంట్లో కూర్చుని విదేశీ క్లయింట్లకు పనిచేసే డిజైనర్లు, ఓడ దిగి సెలవుకు వచ్చిన మెరైన్ ఇంజనీర్లు, ఇంజనీరింగ్ విద్యార్థులు, గాజువాకలో ఒక మొబైల్ దుకాణదారు... అడిగేవారు మారతారు గానీ ప్రశ్నలు 'పెండింగ్' అనే మాట చుట్టూనే తిరుగుతాయి. ఎంవీపీ కాలనీలో మా ఇంట్లో ఒక పాత కంప్యూటర్ మీద బిట్‌కాయిన్ నోడ్ (లావాదేవీలను సొంతంగా సరిచూసి ఇతరులకు అందించే ప్రోగ్రాం) నడుపుతున్నాను కనుక, జవాబులు నోడ్ వైపు నుంచి చూసి రాసినవి. కొనాలా అమ్మాలా అన్న ప్రశ్నలకు ఇక్కడ చోటు లేదు.

'పంపు' నొక్కాక నా లావాదేవీ ఎక్కడికి వెళ్తుంది?

కేంద్ర సర్వరు అంటూ ఏదీ లేదు. మీ వాలెట్ తనకు తెలిసిన ఒకటి రెండు నోడ్లకు దాన్ని అందిస్తుంది. సంతకాలు సరిపోయాయా, ఖర్చు పెడుతున్న నాణేలు నిజంగా ఉన్నాయా, అవి ఇంతకుముందే ఖర్చయిపోయాయా అని ఆ నోడ్ చూసుకుంటుంది. తన సొంత షరతులకు కూడా నప్పితే మెమరీలో పెట్టుకుంటుంది. ఆ నిల్వనే మెంపూల్ అంటారు. తర్వాత పొరుగు నోడ్లకు 'ఫలానా సంఖ్య గల లావాదేవీ నా దగ్గర ఉంది' అని చిన్న కబురు పంపుతుంది. లేనివారు అడిగి తీసుకుంటారు, వాళ్లూ తమ పొరుగువారికి కబురు పెడతారు. దీన్నే రిలే అంటున్నాం.

బిట్‌కాయిన్ కోర్ సాఫ్ట్‌వేర్ నడిపే నోడ్ లావాదేవీల కోసం మామూలుగా 8 నోడ్లతో తానే సంబంధం కలుపుకుంటుంది. కబురును చేతికి రాగానే పంపేయదు, కొద్ది క్షణాలు అటూ ఇటుగా ఆగుతుంది. లావాదేవీ ఏ ఇంటి నుంచి బయలుదేరిందో పసిగట్టడం కష్టం కావాలన్నది ఉద్దేశం. అయినా చూస్తుండగానే ప్రపంచమంతా తిరిగేస్తుంది. మైనర్లు, అంటే లావాదేవీలను శాశ్వత చిట్టాలో చేర్చడానికి పోటీపడేవారు, కూర్చే కట్టే బ్లాకు. అందులోకి ఎక్కే అవకాశం మాత్రం సగటున 10 నిమిషాలకు ఒకసారే వస్తుంది.

మెంపూల్‌లో కనిపిస్తోంది అంటే డబ్బు వచ్చినట్టే కదా?

కాదు.

కొంచెం వివరంగా చెప్పండి. నా క్లయింట్ పంపిన లావాదేవీ పెండింగ్‌లో ఉంది, ఆయన ఫైళ్లు అడుగుతున్నారు. పంపేయవచ్చా?

మధురవాడ నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. మీ వాలెట్ తెర మీద కనిపిస్తున్నది, 'ఈ నాణెం మీకు ఇస్తున్నాను' అని క్లయింట్ సంతకం చేసిన ఒక కాగితం ఊళ్లో తిరుగుతోందన్న సమాచారం మాత్రమే. అదే నాణేన్ని తన వేరే చిరునామాకు పంపుతూ, ఇంకాస్త ఎక్కువ ఫీజుతో మరో కాగితం మీద సంతకం పెట్టడానికి ఆయనకు అర నిమిషం చాలు. రెండింటిలో ఏది బ్లాకులోకి ఎక్కితే అదే చరిత్ర. రెండోది ఎక్కితే మొదటిది మీ వాలెట్ నుంచి మాయమవుతుంది. ఫిర్యాదు చేయడానికి బ్యాంకు లేదు, వెనక్కి తిప్పడానికి మేనేజరు లేడు.

పెండింగ్ సొమ్మును చూసి ఖర్చుల లెక్క వేసుకోవడం ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే. లావాదేవీ బ్లాకులోకి ఎక్కితే ఒక ధ్రువీకరణ, ఆపైన పడే ప్రతి బ్లాకూ మరొకటి. చిన్న మొత్తమైతే ఒక ధ్రువీకరణ పడేదాకా ఆగండి, పెద్ద మొత్తమైతే ఆరు పడేదాకా. అన్నీ సవ్యంగా ఉంటే ఆరు అంటే సుమారు గంట. పాత క్లయింట్, నమ్మకస్థుడు అయితే ఫైళ్లు పంపండి. కానీ అప్పుడు మీరు నమ్ముతున్నది ఆ మనిషిని, నెట్‌వర్క్‌ను కాదు.

ఒకే మెంపూల్ ఉండదా? వెబ్‌సైట్లలో చూపించే క్యూ ఎవరిది?

ఆ వెబ్‌సైటు వారి నోడ్‌ది. ఎవరి మెంపూల్ వారిదే. నా నోడ్‌లో ఉన్నది మీ నోడ్‌లో ఉండకపోవచ్చు, మైనర్ దగ్గర రెండూ లేకపోవచ్చు. చాలావరకు ఒకేలా కనిపించడానికి కారణం, ఎక్కువమంది ఒకే సాఫ్ట్‌వేర్‌ను డిఫాల్ట్ అమరికలతో నడపడం. ఆ పోలికను చూసి 'నెట్‌వర్క్ మెంపూల్' అని ఒకటి ఉందనుకుంటారు. ఈ పేజీలోని సగం గందరగోళం అక్కడే పుడుతుంది.

రిలే విధానం అంటే ఏమిటి? అది బిట్‌కాయిన్ నియమం కాదా?

నియమాలు రెండంచెలు. మొదటివి ఏకాభిప్రాయ నియమాలు: సంతకం సరిగ్గా ఉండాలి, ఉన్నదానికన్నా ఎక్కువ ఖర్చు పెట్టకూడదు, బ్లాకు బరువు 40 లక్షల యూనిట్లు దాటకూడదు. వీటిని మీరిన బ్లాకును ప్రతి నోడూ తిప్పికొడుతుంది. రెండోది రిలే విధానం: ఇంకా బ్లాకులోకి ఎక్కని లావాదేవీలలో దేన్ని నా మెంపూల్‌లో ఉంచాలి, దేన్ని పొరుగువారికి అందించాలి అనేది. ఇది ఆ నోడ్ యజమాని ఇష్టం. నా విధానానికి నప్పని లావాదేవీ ఒక బ్లాకులో వచ్చిందనుకోండి, నచ్చకపోయినా ఆ బ్లాకును నా నోడ్ ఒప్పుకోవాల్సిందే.

అసలు విధానం ఎందుకంటే, లావాదేవీని పరీక్షించడానికి ప్రాసెసర్ కావాలి, మెమరీ కావాలి, ఇంటర్నెట్ కావాలి. షరతు లేకపోతే ఎవరైనా పైసా ఖర్చు లేకుండా చెత్త పంపి వేలాది నోడ్లను ముంచెత్తవచ్చు. బిట్‌కాయిన్ కోర్ డిఫాల్ట్‌లు కొన్ని చెబుతాను. మెంపూల్‌కు 300 మెగాబైట్ల మెమరీ. 336 గంటలు, అంటే 14 రోజులు, ఎక్కని లావాదేవీని తీసేయడం. బరువు 4 లక్షల యూనిట్లు దాటిన లావాదేవీని అందించకపోవడం. మరీ చిన్న అవుట్‌పుట్లను (లావాదేవీలో ఒక్కో చిరునామాకు వెళ్లే మొత్తాలను) 'డస్ట్' కింద తోసిపుచ్చడం: పాత తరహా చిరునామాకు 546 శాటోషీలు, ఇప్పుడు ఎక్కువగా వాడే సెగ్విట్ చిరునామాకు 294, ఇంకా కొత్త తరహా అయిన ట్యాప్‌రూట్ చిరునామాకు 330 ఆ హద్దులు. బిట్‌కాయిన్‌లో 10 కోట్లో వంతు ఒక శాటోషీ అని గుర్తుంటే ఇవి ఎంత చిన్నవో తెలుస్తుంది.

ఇక కనీస ఫీజు. చాలా ఏళ్లు అది వర్చువల్ బైట్‌కు (లావాదేవీ పరిమాణాన్ని కొలిచే ప్రమాణం ఇది) 1 శాటోషీ. 2025లో మెంపూల్ ఖాళీగా ఉన్న రోజుల్లో కొందరు మైనర్లు అంతకన్నా చవక లావాదేవీలనూ బ్లాకుల్లో వేయడం మొదలుపెట్టారు. కనీసాన్ని తగ్గించుకోని నోడ్లకు ఆ లావాదేవీలు కనిపించనే లేదు, నేరుగా బ్లాకులోనే దర్శనమిచ్చాయి. ఆ ఏడాదే వచ్చిన కోర్ 29.1 వెర్షన్‌లో డిఫాల్ట్ 0.1కి దిగింది. విధానం నియమం కాదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు: మైనర్లు ముందు నడిచారు, సాఫ్ట్‌వేర్ వెనక వచ్చింది.

నా లావాదేవీ గంటల తరబడి కదలడం లేదు. ఏం జరిగి ఉంటుంది?

ఫీజు చాలలేదు, అంతే. బ్లాకులో చోటు పరిమితం. మైనర్ చూసేది మీరు పంపుతున్న మొత్తాన్ని కాదు, వర్చువల్ బైట్‌కు ఎన్ని శాటోషీలు ఇస్తున్నారన్నదాన్ని. కోటి రూపాయల లావాదేవీ అయినా వెయ్యి రూపాయలదైనా పరిమాణం ఒకటే అయితే ఫీజూ ఒకటే. ఒక ఇన్‌పుట్ (ఖర్చు పెడుతున్న పాత మొత్తం), రెండు అవుట్‌పుట్లు ఉన్న సాధారణ సెగ్విట్ లావాదేవీ సుమారు 141 వర్చువల్ బైట్లు ఉంటుంది. చిన్న చిన్న మొత్తాలు చాలాసార్లు అందుకున్న వాలెట్ నుంచి పంపితే ఇన్‌పుట్లు పెరిగి పరిమాణం బాగా ఉబ్బుతుంది.

రద్దీ ఒక్కోసారి చెప్పకుండా వస్తుంది. 2024 ఏప్రిల్ 20న 8,40,000వ బ్లాకు దగ్గర మైనర్ల బహుమతి సగానికి తగ్గింది. అదే బ్లాకులో రూన్స్ అనే టోకెన్ల వ్యవస్థ కూడా మొదలైంది. ఆ ఒక్క బ్లాకులోనే ఫీజులు 37 బిట్‌కాయిన్లు దాటాయి. ముందు రోజు వరకు సరిపోయిన ఫీజుతో ఆ రోజు పంపినవారు అలాగే చూస్తూ ఉండిపోయారు. మెంపూల్ నిండినప్పుడు నోడ్లు అడుగున ఉన్న చవక లావాదేవీలను బయటకు నెట్టి, 'ఇంత కన్నా తక్కువైతే నాకు చెప్పకండి' అని పొరుగువారికి తెలియజేస్తాయి. అలా నెట్టివేతకు గురైతే మీ లావాదేవీ చాలా చోట్ల అసలు కనిపించదు.

ఫీజు పెంచడం ఎలా? ఆర్‌బీఎఫ్ అంటున్నారు, అదేమిటి?

అదే ఇన్‌పుట్‌ను ఖర్చు చేస్తూ, ఎక్కువ ఫీజుతో కొత్త లావాదేవీ రాసి, దాన్ని పాతదాని స్థానంలో కూర్చోబెట్టడమే ఆర్‌బీఎఫ్ (రీప్లేస్ బై ఫీ). దీన్ని ఇక్కడ బదులు లావాదేవీ అంటాను. మన చేపల రేవులో తెల్లవారుజామున జరిగే వేలంపాట తలుచుకోండి. పాట పెంచిన మనిషి కొత్తగా గంప తేడు, అదే గంప మీద తన పాత పాటను తానే దాటుతాడు. రూపాయి పైసలతో విసిగించకుండా ప్రతి పెంపూ కనీసం ఇంత ఉండాలన్న కట్టుబాటు కూడా ఉంటుంది. నోడ్లదీ అదే పద్ధతి.

అంకెలతో చూద్దాం. మీ దగ్గర 2,00,000 శాటోషీల ఒక ఇన్‌పుట్ ఉంది. స్నేహితుడికి 1,50,000 పంపారు. బైట్‌కు 2 చొప్పున 141 బైట్లకు ఫీజు 282. మిగిలిన చిల్లర 49,718 మీకే తిరిగి వస్తుంది. రద్దీ పెరిగి ఇది ఇరుక్కుంది. ఇప్పుడు రేటును 8కి పెంచితే ఫీజు 1,128 అవుతుంది. వాలెట్ ఆ అదనపు 846 శాటోషీలను మీ చిల్లర నుంచే తీసుకుంటుంది, చిల్లర 48,872కు దిగుతుంది. స్నేహితుడికి చేరే 1,50,000లో మార్పు ఉండదు. లావాదేవీ గుర్తింపు సంఖ్య మాత్రం మారిపోతుంది. పాత సంఖ్యతో వెతికి 'మోసపోయాను' అని కంగారుపడేవారు ఇక్కడే పుడతారు, కాబట్టి కొత్త సంఖ్యను అవతలివారికి పంపండి.

ఎలక్ట్రమ్, స్పారో వంటి వాలెట్లలో పెండింగ్ లావాదేవీ మీద నొక్కితే ఫీజు పెంచే మెను వస్తుంది. చిల్లర అవుట్‌పుట్ లేకుండా ఉన్నదంతా ఊడ్చి పంపి ఉంటే, అదనపు ఫీజు కోసం పంపే మొత్తాన్నైనా తగ్గించాలి, కొత్త ఇన్‌పుట్ అయినా కలపాలి.

కనీసం ఎంత పెంచాలి?

2015 డిసెంబరులో డేవిడ్ హార్డింగ్, పీటర్ టాడ్ రాసిన బిప్ 125 అనే ప్రతిపాదనలో షరతులున్నాయి. వాటిలో మీకు తగిలేవి రెండు. ఒకటి, బదులు లావాదేవీ కట్టే మొత్తం ఫీజు అది తొలగించే లావాదేవీలన్నిటి ఫీజుల మొత్తానికి తగ్గకూడదు. రెండు, దానిపైన తన సొంత పరిమాణానికి తగ్గ రిలే ఖర్చు కూడా కట్టాలి. ఆ ఖర్చు బైట్‌కు 1 శాటోషీ అని పెట్టుకున్న నోడ్ మన ఉదాహరణలో కనీసం 282కు 141 కలిపి 423 అడుగుతుంది. 0.1 అని పెట్టుకున్న కొత్త నోడ్‌కు 297 చాలు. అందరూ ఒకే వెర్షన్ నడపరు కాబట్టి కనీసం దగ్గర బేరమాడకండి. అయినా అసలు ప్రశ్న నోడ్ ఒప్పుకుంటుందా అన్నది కాదు, తర్వాతి బ్లాకులకు ఆ రేటు సరిపోతుందా అన్నది. రెండు మూడు సార్లు పిసినారిగా పెంచడం కంటే ఒక్కసారి సరైన రేటు వేయడమే చివరికి చవక.

'తొలగించే లావాదేవీలన్నిటి' అన్న మాటలో ఒక మెలిక ఉంది. మీరు పంపిన ఆ పెండింగ్ అవుట్‌పుట్‌ను మీ స్నేహితుడు అప్పుడే మరొకరికి ఖర్చు పెట్టి, దానికి 20,000 శాటోషీల ఫీజు కట్టాడనుకోండి. మీ లావాదేవీని తీసేస్తే అతనిది కూడా కూలిపోతుంది. కాబట్టి మీ బదులు లావాదేవీ 282కు బదులు 20,282 దాటి కట్టాలి. ఒకే దెబ్బకు వందకు మించి లావాదేవీలను కూల్చకూడదన్న హద్దు కూడా అదే పత్రంలో ఉంది.

పంపినదాన్ని రద్దు చేయవచ్చా?

రద్దు అనే బటన్ నెట్‌వర్క్‌లో లేదు. అదే ఇన్‌పుట్‌ను ఎక్కువ ఫీజుతో మీ సొంత చిరునామాకే పంపుకుంటే ఫలితం రద్దుతో సమానం. బ్లాకులోకి ఎక్కకముందే చేయాలి. ఎక్కిందంటే ఎవరి తరమూ కాదు.

ఆర్‌బీఎఫ్ గుర్తు లేని లావాదేవీ అయితే సురక్షితమే కదా? దుకాణంలో తీసుకోవచ్చా?

గాజువాక దుకాణదారు ప్రశ్న ఇది. ఒకప్పుడు సగం నిజమనిపించిన మాట. ఇప్పుడు అదీ లేదు.

బిట్‌కాయిన్ తొలి సాఫ్ట్‌వేర్‌లోనే లావాదేవీని మార్చే వీలుండేది. ప్రతి ఇన్‌పుట్‌కూ ఒక వరుస సంఖ్య ఉండేది, పెద్ద సంఖ్య ఉన్నది పాతదాన్ని తొలగించేది. అదనపు ఫీజు అడగని ఆ పద్ధతిలో ఒకే లావాదేవీని లక్షల సార్లు మార్చి నెట్‌వర్క్‌ను కుంగదీయవచ్చు కాబట్టి 2010లో దాన్ని ఆపేశారు. తర్వాత చాలా ఏళ్లు నోడ్లు మొదట చూసినదాన్నే పట్టుకుని, దానితో పోటీపడే రెండోదాన్ని పారేసేవి. దుకాణాలు దీన్ని ఆసరా చేసుకున్నాయి. 2016 ఫిబ్రవరిలో వచ్చిన కోర్ 0.12లో బిప్ 125 అమలైంది: వరుస సంఖ్య 4294967293 గానీ అంతకన్నా తక్కువ గానీ పెడితే 'దీన్ని మార్చవచ్చు' అని ముందే ప్రకటించినట్టు. గుర్తు ఉంటే మార్చవచ్చు, లేకపోతే మార్చకూడదు అన్న ఒప్పందంలాంటిది.

ఆ ఒప్పందానికి కాపలా లేదు. గుర్తు లేని లావాదేవీకి కూడా ఎక్కువ ఫీజుతో పోటీదారు వస్తే, దాన్ని తీసుకోవడం మైనర్‌కు లాభం. 2022 చివర్లో వచ్చిన 24వ వెర్షన్ ఆ గుర్తును పట్టించుకోకుండా ఉండే ఐచ్ఛికాన్ని నోడ్ యజమానులకు ఇచ్చింది. అప్పుడు పెద్ద రగడే జరిగింది, ధ్రువీకరణ లేకుండా చెల్లింపులు తీసుకునే సంస్థలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి. 2024 అక్టోబరు నాటి 28వ వెర్షన్‌లో అదే డిఫాల్ట్ అయింది. 2025 ఏప్రిల్‌లో వచ్చిన 29వ వెర్షన్‌లో దాన్ని ఆపుకొనే వీలు కూడా తీసేశారు. నా మటుకు నాకు ఇది మంచి మార్పే. లేని భద్రతను ఉన్నట్టు చూపించే గుర్తు దుకాణదారుకు చేసే మేలేమీ లేదు.

కాబట్టి దుకాణం కౌంటరు మీద వెంటనే తేలాలంటే లైట్నింగ్ (బిట్‌కాయిన్ పైన నడిచే వేగవంతమైన చెల్లింపుల పద్ధతి) వాడాలి. లేదంటే కస్టమర్‌ను ఒక ధ్రువీకరణ దాకా కూర్చోబెట్టి టీ ఇప్పించాలి.

నాకు రావలసినది ఇరుక్కుంది, పంపినవారు ఫోను ఎత్తడం లేదు. నేను చేయగలిగేది ఉందా?

ఉంది. బదులు లావాదేవీ రాయడానికి పంపినవారి సంతకం కావాలి, అది మీ చేతిలో లేదు. కానీ ఆ పెండింగ్ లావాదేవీలో మీకు వచ్చే అవుట్‌పుట్ మీదే. దాన్ని మీ మరో చిరునామాకు పెద్ద ఫీజుతో పంపుకోండి. ఇరుక్కున్నది తల్లి, దాన్ని ఖర్చు పెడుతూ మీరు రాసినది పిల్ల. తల్లి బ్లాకులోకి ఎక్కనిదే పిల్ల ఎక్కలేదు. కాబట్టి పిల్ల ఫీజు మీద ఆశపడ్డ మైనర్ రెండింటినీ కలిపి లెక్కేసి తీసుకుంటాడు. దీన్ని సీపీఎఫ్‌పీ (చైల్డ్ పేస్ ఫర్ పేరెంట్) అంటారు.

లెక్క: తల్లి 141 బైట్లు, కట్టినది 282. పిల్ల ఒక ఇన్‌పుట్, ఒక అవుట్‌పుట్‌తో 110 బైట్లు. రెండూ కలిపి 251 బైట్లకు సగటున 8 శాటోషీలు పడాలంటే 2,008 కావాలి. తల్లి ఇచ్చినది పోగా పిల్ల 1,726 కట్టాలి. ఆర్‌బీఎఫ్ కన్నా ఖరీదే, ఎందుకంటే అదనంగా 110 బైట్ల చోటు కొంటున్నారు. మీరే పంపినవారైతే మొదటి దారి, అందుకునేవారైతే ఈ దారి.

ఒక ఇబ్బంది ఉంది. తల్లి ఫీజు మరీ తక్కువై నోడ్లు దాన్ని అసలే తీసుకోకపోతే, పిల్లను చూపించినా 'తల్లి ఎవరో తెలియదు' అని పక్కన పెడతాయి. కోర్ 28 నుంచి ఒక తల్లి, ఒక పిల్ల జంటను కలిపి తూచే పద్ధతి వచ్చింది కాబట్టి పరిస్థితి కొంత మెరుగుపడింది.

పెండింగ్‌లో ఉన్నది 14 రోజులకు దానంతట అదే పోతుందట. పోయాక మళ్లీ పంపవచ్చా?

ఇక్కడ జాగ్రత్త. డబ్బు నిజంగా పోయే చోటు ఇదే.

14 రోజులన్నది డిఫాల్ట్ అమరిక. మీ నోడ్ మర్చిపోయినంత మాత్రాన లోకం మర్చిపోదు. ఎవరో ఒకరి దగ్గర ఆ సంతకం చేసిన లావాదేవీ ఉండవచ్చు, మీ వాలెట్ తానే మధ్యమధ్య మళ్లీ ప్రసారం చేస్తూ ఉండవచ్చు. దానికి గడువు తేదీ లేదు. ఇప్పుడు మీరు 'అది పోయింది కదా' అని వేరే ఇన్‌పుట్‌తో అంతే మొత్తం మళ్లీ పంపారనుకోండి. రద్దీ తగ్గిన ఒక రాత్రి పాతదీ బ్లాకులోకి ఎక్కుతుంది. రెండూ చెల్లుతాయి, రెండుసార్లు కట్టినట్టవుతుంది. తిరిగి ఇవ్వడం అవతలివారి మంచితనం మీద ఆధారపడి ఉంటుంది.

సరైన పద్ధతి ఒక్కటే: కొత్త లావాదేవీ పాతదాని ఇన్‌పుట్లలో కనీసం ఒకదాన్ని తప్పనిసరిగా వాడాలి. అప్పుడు ఒకటి ఎక్కితే రెండోది శాశ్వతంగా చెల్లకుండా పోతుంది. వాలెట్‌లోని ఫీజు పెంచే మెను చేసేది ఇదే. సొంతంగా కొత్తది రాసేటప్పుడు ఇన్‌పుట్‌ను మీరే ఎంచుకోండి, వాలెట్‌కు వదిలేయకండి.

టెలిగ్రామ్‌లో ఒకాయన డబ్బు కడితే లావాదేవీని 'వేగవంతం' చేస్తానంటున్నాడు...

కొన్ని మైనింగ్ పూల్స్ (కలిసి పనిచేసే మైనర్ల బృందాలు) తమ వెబ్‌సైట్లలో అలాంటి సేవ నడిపే మాట నిజం. టెలిగ్రామ్‌లో వెతుక్కుంటూ మీ దగ్గరికే వచ్చే మనిషి మాత్రం దొంగ. మీ వాలెట్‌కు తాళంచెవిలాంటి పన్నెండో ఇరవై నాలుగో రికవరీ పదాలు అడిగాడంటే ఇక అనుమానమే అక్కర్లేదు. ఇరుక్కుపోయిన లావాదేవీకి తోడు ఖాళీ అయిన వాలెట్ అంటే గోరుచుట్టు మీద రోకటి పోటే.

దీనికి కవల మోసం ఒకటుంది. అతి తక్కువ ఫీజుతో మీకు పెద్ద మొత్తం పంపినట్టు పెండింగ్ చూపించి, నగదు తీసుకుని, తర్వాత దాన్ని బదులు లావాదేవీతో వెనక్కి లాక్కోవడం. జగదాంబ కూడలిలో కాఫీ తాగుతూ చేతికి చేతికి మార్చుకునే వ్యాపారం చేయాలని ఎవరైనా పిలిస్తే, వారు ఫోను తెర చూపించినప్పుడు ధ్రువీకరణల సంఖ్య ఎంతో చూడండి. సున్నా అయితే కాఫీ తాగి వచ్చేయండి. ఇప్పటికే మోసపోయినవారు 1930 సైబర్ నేరాల నంబరుకు ఎంత త్వరగా ఫోను చేస్తే అంత మంచిది. రూపాయలు బ్యాంకు ద్వారా వెళ్లి ఉంటేనే వాటిని ఆపే అవకాశం కొంతైనా ఉంటుంది.

లైట్నింగ్ వాడేవారికి ఈ గొడవ ఉండదు కదా?

రోజువారీ చెల్లింపుల్లో ఉండదు. ఛానెల్ (ఇద్దరి మధ్య లైట్నింగ్ చెల్లింపులు సాగే ఉమ్మడి ఖాతాలాంటిది) బలవంతంగా మూయాల్సి వచ్చినప్పుడు మాత్రం ఇదంతా తలకు చుట్టుకుంటుంది, ఎందుకంటే అక్కడ గడువులుంటాయి. ఇన్ని బ్లాకుల లోపు మీ లావాదేవీ ఎక్కకపోతే సొమ్ము అవతలివారికి పోవచ్చు. పైన చెప్పిన 20,282 లెక్క గుర్తుందా? అవతలివాడు కావాలనే బరువైన, చవక రేటు గల పిల్ల లావాదేవీని తగిలించి, మీ బదులు లావాదేవీ ఖర్చును కొండెక్కించవచ్చు. మీది మెంపూల్‌లో మేకు కొట్టినట్టు ఉండిపోతుంది, గడువు గడిచిపోతుంది. దీనికి పిన్నింగ్ అని పేరు. 2023 అక్టోబరులో ఆంటోయిన్ రియార్ బయటపెట్టిన మరో దాడిలో, లావాదేవీని మార్చడం, ఆ మార్చినదాన్ని మళ్లీ మార్చడం అనే వలయంతో బాధితుడి లావాదేవీని మెంపూల్‌లో నిలవనీయకుండా చేస్తారు.

వీటికి విరుగుడుగా కోర్ 28లో వెర్షన్ 3 లావాదేవీలకు ప్రత్యేక రిలే షరతులు పెట్టారు. అలాంటి తల్లికి ధ్రువీకరణ కాని పిల్ల ఒక్కటే ఉండాలి, అది 1,000 వర్చువల్ బైట్లు దాటకూడదు, తల్లి 10,000 దాటకూడదు. మేకు కొట్టేవాడికి సుత్తి చిన్నదైపోయింది. మామూలు వాలెట్ వాడేవారు ఇది చదివి మర్చిపోవచ్చు.

నా నోడ్‌లో నచ్చని లావాదేవీలను ఆపేస్తే అవి బ్లాకుల్లోకి రాకుండా ఉంటాయా?

విద్యార్థులకు ఈ చర్చంటే ప్రాణం. లావాదేవీలో అదనపు సమాచారం దాచే ఓపీ రిటర్న్ అవుట్‌పుట్‌కు ఏళ్ల తరబడి 83 బైట్ల డిఫాల్ట్ హద్దు ఉండేది. 2025 అక్టోబరులో వచ్చిన కోర్ 30 దాన్ని లక్ష బైట్లకు పెంచింది. దాంతో మండిపడ్డవారు చాలామంది కఠినమైన వడపోత ఉన్న బిట్‌కాయిన్ నాట్స్ అనే సాఫ్ట్‌వేర్‌కు మారారు.

ఇద్దరి బాధా అర్థమవుతుంది. కానీ వడపోత శక్తికి హద్దుంది. లావాదేవీ మైనర్ దాకా చేరడానికి ఒప్పుకునే నోడ్ల దారి ఒక్కటున్నా చాలు. అదీ లేకపోతే నేరుగా మైనర్‌కే ఇచ్చే దారి ఉంది: మారా అనే మైనింగ్ సంస్థ 2024లో స్లిప్‌స్ట్రీమ్ పేరుతో అచ్చంగా అందుకోసమే ఒక సేవ తెరిచింది. పైగా వడపోతకు ఒక ధర ఉంది. కొత్త బ్లాకు వచ్చినప్పుడు నోడ్లు లావాదేవీలన్నీ మళ్లీ దింపుకోవు, మెంపూల్‌లో ఉన్నవాటితోనే బ్లాకును కూర్చుకుంటాయి. మీ మెంపూల్‌లో లేనివి విడిగా అడిగి తెచ్చుకోవాలి, ఆ మేరకు ఆలస్యం. మీ మెమరీ, మీ ఇంటర్నెట్, మీ ఇష్టం. నేను డిఫాల్ట్‌లతోనే నడుపుతాను. మైనర్లు ఏం తీసుకోబోతున్నారో నా మెంపూల్ సరిగ్గా చూపిస్తేనే ఫీజు అంచనా నిలుస్తుందన్నది నా లెక్క.

అల్పపీడనం పట్టి ఇంట్లో కరెంటు పోతే పెండింగ్ లావాదేవీ ఏమవుతుంది?

విశాఖ ప్రశ్నంటే ఇదీ. 2014 అక్టోబరులో హుద్‌హుద్ చూసినవారికి రోజుల తరబడి కరెంటు లేకపోవడం ఊహ కాదు. ఒకసారి ప్రసారమైతే లావాదేవీ ఇతరుల మెంపూల్‌లో ఉంటుంది కాబట్టి మీ నోడ్ ఆగినా దాని పని అది చూసుకుంటుంది. నోడ్‌ను పద్ధతిగా ఆపితే మెంపూల్‌ను డిస్కు మీద రాసుకుని, మళ్లీ తెరిచినప్పుడు చదువుకుంటుంది. కరెంటు ఠక్కున పోతే ఆ రాత పని జరగదు, పొరుగు నోడ్ల నుంచి మళ్లీ పోగవుతుంది. అసలు దిగులు డేటాబేస్ చెడిపోవడం గురించి. యూపీఎస్ పెట్టుకోండి.

ఇథీరియంలోనూ ఇంతేనా?

పోలిక ఉంది గానీ యంత్రాంగం వేరు. అక్కడ ఒక్కో ఖాతా లావాదేవీలకు వరుస నంబరు ఉంటుంది. అదే నంబరుతో, ఫీజు రేట్లు పెంచి మరొకటి పంపితే పాతదాన్ని తొలగిస్తుంది. ఎక్కువగా వాడే గెత్ సాఫ్ట్‌వేర్ సాధారణ లావాదేవీకి కనీసం 10 శాతం పెంపు అడుగుతుంది. ఒక నంబరు ఇరుక్కుంటే ఆ ఖాతా నుంచి తర్వాతివన్నీ దాని వెనకే ఆగిపోతాయి.

పన్ను లెక్కలకు ఏ సంఖ్య రాసుకోవాలి?

బ్లాకులోకి ఎక్కినదే. తొలగిపోయినవి బ్లాకుల గొలుసులో ఎక్కడా ఉండవు, ఆడిటరుకు చూపించడానికి ఏమీ మిగలదు. ఎన్నిసార్లు ఫీజు పెంచినా కట్టేది చివరిదాని ఫీజు ఒక్కటే. 2022 నుంచి మన దేశంలో క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను ఉంది, కొన్న ధర తప్ప మరే ఖర్చునూ అందులోంచి తీసివేయనివ్వరు. నెట్‌వర్క్ ఫీజును ఎలా చూపాలో మీ ఆడిటరునే అడగండి.

ఎక్స్ఛేంజ్ నుంచి నా వాలెట్‌కు తీసుకున్నాను, పెండింగ్‌లో ఉంది. ఫీజు నేను పెంచగలనా?

ఆర్‌బీఎఫ్‌తో కాదు, సంతకం వారిది. అనేకమంది కస్టమర్ల చెల్లింపులను ఎక్స్ఛేంజ్‌లు తరచూ ఒకే లావాదేవీలో కలిపి పంపుతాయి. అందులో మీది ఒక అవుట్‌పుట్. పిల్ల లావాదేవీ రాయవచ్చు గానీ, అంత పెద్ద తల్లిని మోయాలంటే మీ ఒక్కరి ఫీజుతో నలభై మందికి టికెట్ కొన్నట్టవుతుంది. ముందు లావాదేవీ పరిమాణం చూసుకోండి. కొన్ని వేల బైట్లు ఉంటే వదిలేయండి, మిగతా వారిలో ఎవరికో మీకన్నా తొందర ఉండవచ్చు. ఎక్స్ఛేంజ్ తానే ఫీజు పెంచి కొత్తది పంపే అవకాశమూ ఉంది. అప్పుడు మీరు రాసిన పిల్ల కూడా పాతదానితో పాటు పోతుంది, కొత్త గుర్తింపు సంఖ్య వారి యాప్‌లోని విత్‌డ్రా వివరాల్లో కనిపిస్తుంది.